‘తుల్లాన్’ అంటే వస్తాం అనా, సుంకం కడతాను అనా? ఫిన్నిష్ క్రియ ‘తుల్లత’పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిన్లాండ్‌లోని ఎస్పో ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చే తెలుగువాళ్ళకి శనివారాలు కాస్త ఫిన్నిష్ చెబుతుంటాను. నేను భాషా పండితుణ్ణేమీ కాదు, వాళ్ళకంటే నాలుగు చలికాలాలు ముందు వచ్చానంతే. ఊరి నుంచి పార్సిల్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ క్రియ దగ్గర ఇరుక్కుంటున్నారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకని ఒకచోట రాసి పెట్టాను.

ఫిన్నిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం ఎలా పలుకుతారో అలాగే రాసుకోవచ్చు. తకారం కూడా మన ‘త’ లాంటిదే. రెండు చుక్కల ‘ఆ’ ఒక్కటే చిక్కు. ‘బ్యాంకు’లో వినిపించే ఆ శబ్దానికి మనకి అక్షరం లేదు. మినా, తెయిల్లా, వియెదా లాంటి మాటల చివర ఉన్నది అదే. దాన్ని పొట్టిగా పలకండి.

‘తుల్లత’ అంటే అసలు ఏంటి?

సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు కస్టమ్స్‌కి చూపించి, కాగితాలిచ్చి, సుంకం ఉంటే కట్టి, బయటికి తెచ్చుకునే పని మొత్తానికి కలిపి ఒక్క క్రియ. తెలుగులో దీనికి ఒంటి మాట లేదు. ‘కస్టమ్స్ నుంచి విడిపించుకోవడం’ అంటాం, అది చాలా దగ్గరగా ఉంటుంది.

చిన్న తేడా ఉంది. తెలుగులో పని ఎవరిదో చూసి మాట మారుస్తాం. అధికారి సుంకం వేస్తాడు, మనం సుంకం కట్టి సరుకు విడిపించుకుంటాం. ఫిన్నిష్‌లో కౌంటర్‌కి ఇటున్నవాళ్ళకీ అటున్నవాళ్ళకీ ఇదే క్రియ. ‘మినా తుల్లసిన్ పకెతిన్’ అంటే నేను పార్సిల్ విడిపించుకున్నాను. ‘పకెతిత్ తుల్లతాన్ రయల్ల’ అంటే పార్సిళ్ళకి కస్టమ్స్ పని సరిహద్దు దగ్గర జరుగుతుంది. రెండో వాక్యంలో పని చేసేది ఎవరో చెప్పనే లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మూలం ‘తుల్లి’. కస్టమ్స్ అన్నా, సుంకం అన్నా అదే మాట. స్వీడిష్ ‘తుల్’ నుంచి వచ్చింది. ఫిన్లాండ్ 1809 దాకా స్వీడన్ రాజ్యంలో భాగం, అందుకే సర్కారు మాటలు చాలావరకు అక్కడివే. జర్మన్ ‘త్సోల్’, ఇంగ్లీషు ‘టోల్’ కూడా ఇదే కుటుంబం. మన హైవే మీద టోల్‌గేట్ ఉంది చూశారా, దానికి ఫిన్నిష్‌లో మాటకి మాట పెడితే ‘తుల్లిపొర్త్తి’ అవుతుంది. ఒకసారి ఇలా చెప్పాక మా క్లాసులో ‘తుల్లి’ని మర్చిపోయినవాళ్ళు లేరు.

స్వీడన్ రాజ్యంలో 1622లో ‘చిన్న సుంకం’ అని ఒకటి పెట్టారు. పల్లె నుంచి పట్నానికి అమ్మకానికి వచ్చే సరుకు మీద పన్ను అది. అది వసూలు చేయడానికి పట్నాల చుట్టూ కంచె, దారుల్లో గేట్లు. కంచెలు పోయి రెండు వందల ఏళ్ళయినా పేర్లు మిగిలాయి. కుఒపియొ ఊళ్ళో నడిబొడ్డు వీధి పేరు ‘తుల్లిపొర్తిన్‌కతు’, అంటే సుంకం గేటు వీధి. తంపెరెలో రైల్వే స్టేషన్ వెనక పేటని ‘తుల్లి’ అనే అంటారు, అక్కడి పాత కస్టమ్స్ భవనంలో ఇప్పుడు పాటకచేరీలు జరుగుతాయి. తమాషా ఏంటంటే, 1821 నుంచి 1905 దాకా సుంకాల మినహాయింపుతో పెరిగిన పరిశ్రమల ఊరు తంపెరె!

దేశానికి సొంత కస్టమ్స్ శాఖ 1812లో వచ్చింది. అప్పుడు ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి కింద స్వయంపాలన ఉన్న గ్రాండ్ డచీ. ఆ శాఖ పేరు ఇప్పుడు ఒక్క మాటే, ‘తుల్లి’. దాని మ్యూజియం హెల్సింకి ఎదురుగా ఉన్న సుఒమెన్‌లిన్న కోట దీవుల్లో ఉంది. ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని ఫెర్రీ ఎక్కితే ఒక పూట బాగా గడుస్తుంది.

తులి, తుల్లి, తూలి... మూడూ ఒకటేనా?

కాదు. మనకి ఇది లెక్కే కాదు గానీ ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు ఇక్కడే ఏడుస్తారు. ‘తులి’ నిప్పు, ‘వచ్చాడు, వచ్చింది’ అన్నా అదే. ‘తుల్లి’ కస్టమ్స్. ‘తూలి’ గాలి, ఆడపిల్లల పేరు కూడా. ‘తూలి తులి తుల్లీన్’ అంటే తూలి కస్టమ్స్‌కి వచ్చింది. ‘గద’కీ ‘గద్ద’కీ, ‘పలు’కీ ‘పాలు’కీ తేడా పుట్టుకతో తెలిసిన చెవి మనది. ఈ విషయంలో ధైర్యంగా ఉండండి.

క్రియారూపాలు చెబుతారా?

వర్తమానం: తుల్లాన్ (నేను), తుల్లాత్ (నువ్వు), తుల్లా (అతను, ఆమె), తుల్లామ్మె (మేము, మనం), తుల్లాత్తె (మీరు), తుల్లావత్ (వాళ్ళు).

భూతం: తుల్లసిన్, తుల్లసిత్, తుల్లసి, తుల్లసిమ్మె, తుల్లసిత్తె, తుల్లసివత్.

వ్యతిరేకం: ఎన్ తుల్లా (విడిపించుకోను), ఎన్ తుల్లన్నుత్ (విడిపించుకోలేదు).

కర్త చెప్పని రూపాలు: తుల్లతాన్ (చేస్తారు), తుల్లత్తీన్ (చేశారు), ఒన్ తుల్లత్తు (చేసేశారు, అయిపోయింది).

‘అయితే, గనక’ అర్థంలో: తుల్లయిసిన్ (విడిపించుకునేదాన్ని, విడిపించుకునేవాణ్ణి).

చెయ్యమని చెప్పేటప్పుడు: తుల్లా! (విడిపించుకో).

పుస్తకాల్లో దీన్ని నాలుగో రకం క్రియ అంటారు, ‘హలుత’ (కావాలనుకోవడం) జాతి. వర్తమానంలో చివరి ‘త’ తీసేసి ముందున్న అచ్చుకి ‘అ’ చేర్చడమే సూత్రం. ఈ రకంలో చాలా క్రియలకి మధ్యలో హల్లు మారుతుంది. ‘వల్లత’ (ఆక్రమించడం) కాస్తా ‘వల్తాన్’ అవుతుంది. ఆ లెక్కన కొంతమంది ‘తుల్తాన్’ అంటుంటారు. అది తప్పు. ‘తుల్లి’లోని ‘ల్ల’ ఎక్కడికీ కదలదు.

మరి ‘తుల్లాన్’ అంటే ‘వస్తాం’ అని క్లాసులో చెప్పారే?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే.

‘రావడం’ అనే అచ్చ ఫిన్నిష్ క్రియ ‘తుల్ల’. దాని మామూలు రూపాలు తులెన్, తులెత్, తులే. పుస్తకాల ప్రకారం ‘మేము వస్తాం’ అంటే ‘మె తులెమ్మె’. కానీ మాట్లాడేటప్పుడు ఎవరూ అలా అనరు. ‘మేము’కి కర్త చెప్పని రూపం వాడేస్తారు: ‘మె తుల్లాన్’. ఎవరైనా బెల్లు కొడితే లోపలి నుంచి ‘తుల్లాన్, తుల్లాన్!’ అని వినిపిస్తుంది. మన ‘వస్తున్నాం, వస్తున్నాం’ లాగే.

‘తుల్లత’కి ‘నేను’ రూపం కూడా అక్షరం తేడా లేకుండా ‘తుల్లాన్’. పలుకూ ఒకటే, రాతా ఒకటే.

ఎలా పట్టుకోవాలి? ముందు ఎవరున్నారో, వెనక ఏముందో చూడండి. ‘మినా తుల్లాన్’ అని ‘నేను’ ఉంటే కస్టమ్సే, ఎందుకంటే ‘నేను వస్తాను’ అంటే ‘తులెన్’ కదా. ‘మె తుల్లాన్’ అంటే వస్తున్నారు. సర్వనామం లేకపోతే వస్తువు కోసం వెతకండి. ‘తుల్లాన్ పకెతిన్’లో పార్సిల్ ఉంది కాబట్టి సుంకం సంగతి. ‘తుల్లాన్ హుఒమెన్న’ అని ఊరికే ‘రేపు’ ఉంటే వస్తామనే అర్థం.

మిగతా రూపాల్లో ఇంత ముప్పు లేదు. ‘తుల్ల’కి భూతంలో తుల్తీన్, తుల్తు, ‘తుల్లత’కి తుల్లత్తీన్, తుల్లత్తు. కాకపోతే ‘వచ్చి’ అనే ‘తుల్లుత్’కీ, ‘విడిపించుకుని’ అనే ‘తుల్లన్నుత్’కీ మధ్య ఉన్నది ఒక్క ‘న్న’. ఫోన్‌లో, గాలి హోరులో, అది వినపడకపోవచ్చు.

అనుభవం మీద చెబుతున్నట్టున్నారు?

అవును. మొదటి చలికాలం. అమ్మ విజయవాడ నుంచి పెట్టె పంపింది. ఆవకాయ, కందిపొడి, చలికోటు కింద వేసుకోమని రెండు స్వెట్టర్లు, వద్దన్నా వినకుండా ఒక నెయ్యి సీసా. పెట్టె హెల్సింకి దగ్గరున్న వంతా విమానాశ్రయం దాకా వచ్చి ఆగింది. కొరియర్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నేను బస్టాప్‌లో ఉన్నాను, మైనస్ పదిహేను. గ్లవ్ తీసి ఫోన్ పట్టుకునేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి.

ఆవిడ అడిగింది: ‘ఒలెత్కొ తుల్లన్నుత్ సెన్?’ పార్సిల్‌కి కస్టమ్స్ పని చేయించుకున్నావా అని. నాకు వినిపించింది ‘ఒలెత్కొ తుల్లుత్’. వచ్చావా అని! ఎంత ఆప్యాయంగా పలకరిస్తోందో అనుకుని, క్లాసులో నేర్చుకున్న వాక్యం సంతోషంగా అప్పజెప్పాను: ‘యో, తులిన్ వీమె వుఒన్న’. అవునండీ, పోయినేడు వచ్చాను.

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు, ‘పకెత్తి’ అంది. పార్సిల్ సంగతి అని అప్పుడు వెలిగింది. ఆవిడ నవ్వలేదు. నేను మాత్రం బస్సెక్కాక సిగ్గుతో మఫ్లర్ ముక్కు దాకా లాక్కున్నాను. పెట్టె వారం తర్వాత చేరింది, నెయ్యి సీసా తప్ప.

ఎయిర్‌పోర్ట్‌లో బోర్డు మీద ‘తుల్లత్తవా’ అని ఉంటుంది. అదీ ఇదేనా?

ఇదే. ఎర్ర దారి మీద ‘తుల్లత్తవా’, ఆకుపచ్చ దారి మీద ‘ఎయి తుల్లత్తవా’. అధికారి నోటి నుంచి వచ్చే ప్రశ్న ‘ఒంకొ తెయిల్లా తుల్లత్తవా?’.

విడదీస్తే భలే ఉంటుంది. ‘తుల్లత్తవ’ అంటే ‘సుంకం పని చేయించాల్సిన’. ఆ ‘త్తవ’ మన ‘ఆల్సిన’తో సరిగ్గా సరిపోతుంది. దాని చివర ఇంకో ‘అ’ చేరితే ‘ఏదైనా, కొంత’ అనే అర్థం వస్తుంది. మొత్తం కలిపి ‘చూపించాల్సింది ఏమైనా ఉందా?’ అని. ఈ మూసలోనే ‘యుఒతవా’ అంటే తాగడానికి ఏదైనా. ఒక్క మూస పట్టుకుంటే పది మాటలు వస్తాయి.

యూరోపియన్ యూనియన్ (ఈయూ) బయటి దేశం నుంచి విమానంలో వచ్చేవాళ్ళు 430 యూరోల విలువ దాకా వస్తువులు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు (మద్యం, పొగాకు లెక్క వేరు). నగదు 10,000 యూరోలు, అంతకంటే ఎక్కువైతే చెప్పి తీరాలి.

‘పకెతిన్’ అని ఒకసారి, ‘పకెత్తియ’ అని ఒకసారి విన్నాను. ఏది సరైనది?

రెండూ సరైనవే. ఫిన్నిష్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టినదీ, అర్థమయ్యాక బాగా నచ్చినదీ ఇదే.

తెలుగులో ‘విడిపిస్తున్నాను’ అంటే పని నడుస్తోంది. ‘విడిపిస్తాను’ అంటే పూర్తి చేస్తాను. తేడా అంతా క్రియలో ఉంది, పార్సిల్ అనే మాట కదలదు. ఫిన్నిష్‌లో అటుదిటు. క్రియ కదలదు, పార్సిల్ మారుతుంది.

‘తుల్లాన్ పకెత్తియ’ అంటే ఆ పనిలోనే ఉన్నాను, ఫారం నింపుతున్నాను, ఇంకా తెమల్లేదు. ‘తుల్లాన్ పకెతిన్’ అంటే పని పూర్తి చేస్తాను, పార్సిల్ చేతికొస్తుంది. లేదు, కాదు అన్నప్పుడు ఎప్పుడూ మొదటి రూపమే: ‘ఎన్ తుల్లన్నుత్ పకెత్తియ’.

ఇంకో మెలిక. చెయ్యమని చెప్పేటప్పుడు, చెయ్యాలి అనేటప్పుడు, కర్త లేనప్పుడు పార్సిల్‌కి ఏ విభక్తీ ఉండదు. ‘తుల్లా పకెత్తి!’, ‘మినున్ పితా తుల్లత పకెత్తి’ (నేను పార్సిల్ విడిపించుకోవాలి), ‘పకెత్తి తుల్లతాన్’. తెలుగులో మనం ‘పార్సిల్ విడిపించు’ అని ‘ని’ లేకుండానే అంటాం కదా, అలా గుర్తుపెట్టుకోండి. కారణం అది కాకపోయినా గుర్తుండటానికి పనికొస్తుంది.

‘తుల్లాన్ తుల్లామాన్’ అని ఎక్కడో చదివాను. అచ్చుతప్పా?

తప్పు కాదు. ఫిన్నిష్‌లో భవిష్యత్ కాలం విడిగా లేదు. ముందు జరగబోయేదని నొక్కి చెప్పాలంటే ‘రావడం’ క్రియని సాయం తెచ్చుకుంటారు. ‘పకెతిత్ తుల్లాన్ తుల్లామాన్’ అంటే పార్సిళ్ళకి కస్టమ్స్ పని జరగబోతోంది. మొదటి ‘తుల్లాన్’ రావడం, రెండోది సుంకం. పాతకాలం ఫిన్నిష్ టీచర్లకి ఈ వాడుక అంటే పడదు, స్వీడిష్ వాసన అంటారు. ‘తుల్లతాన్’ అంటే చాలు. నాలిక తిరగడానికి మాత్రం పది సార్లు అనండి.

ఆఫీసు కాగితాల్లో ఈ క్రియ పెద్దగా కనిపించదేం?

కాగితాలకి నామవాచకాలంటే ప్రాణం. ‘తుల్లి-ఇల్మొయితుస్’ అంటే మనం ఇచ్చే కస్టమ్స్ ప్రకటన. ‘తుల్లిసెల్విత్యుస్’ క్లియరెన్స్. ‘తుల్లిఅర్వొ’ సుంకం లెక్కకి తీసుకునే విలువ. ‘తుల్లౌస్’ మన క్రియ నుంచే పుట్టిన నామవాచకం. ‘అర్వొన్‌లిసావెరొ’ వ్యాట్. ఈ ఐదూ వస్తే ఫారం సగం చదివినట్టే. మనుషులు మాత్రం ‘తుల్లత’ అనే అంటారు.

ఇంటి నుంచి పార్సిల్ వస్తే ఏం చెయ్యాలి?

నోటీసు వస్తుంది. తుల్లి వెబ్‌సైట్‌లో బ్యాంకు లాగిన్‌తో గుర్తింపు ఇచ్చి ప్రకటన నింపాలి, పన్ను పడితే అక్కడే కట్టాలి. ఆ తర్వాత పార్సిల్ కదులుతుంది. ఈయూ బయటి నుంచి కొన్న సరుకు మీద 22 యూరోల లోపు వ్యాట్ లేదన్న పాత సడలింపు 2021 జులై 1 నుంచి పోయింది. మామూలు వ్యాట్ 2024 సెప్టెంబరు నుంచి 25.5 శాతం. సుంకం పరిమితుల మీద ఈయూలో మార్పులు జరుగుతున్నాయి, పంపించే ముందు తుల్లి సైట్ ఒకసారి చూసుకోండి.

మనకి పనికొచ్చేది ‘లహ్య’, అంటే బహుమతి. ఒక మనిషి ఇంకో మనిషికి ఊరికే పంపితే, విలువ 45 యూరోల లోపు ఉంటే, సుంకం గానీ వ్యాట్ గానీ పడవు. అత్తగారు పంపిన పట్టుచీర ఈ లెక్కలోకి రాదు, ఆశ పెట్టుకోవద్దు.

తిండి విషయంలో మరీ జాగ్రత్త. పాల సరుకు, మాంసం ఈయూ బయటి నుంచి రానివ్వరు. నెయ్యి, చికెన్ పచ్చడి, గోంగూర మటన్, ఇవన్నీ చెత్తబుట్ట పాలే. పచ్చి కూరగాయలకీ పండ్లకీ 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి బంగినపల్లి మామిడి సూట్‌కేసులో కుదరదు. మినహాయింపు ఉన్నవి ఐదే: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్. కొబ్బరికాయ ఉన్నందుకు సంతోషించాలి.

దిగుమతి, ఎగుమతికి ఏ క్రియలు?

‘తుఒద’ తేవడం, ‘వియెదా’ తీసుకెళ్ళడం. వాటి నుంచే ‘తుఒంతి’ దిగుమతి, ‘వియెంతి’ ఎగుమతి. మనం దింపడం, ఎత్తడం అని ఓడరేవులో నిలబడి చూసినట్టు అన్నాం. వాళ్ళు ఇంటి గుమ్మంలో నిలబడి చూసినట్టు అన్నారు.

దొంగరవాణాకి?

‘సలకుల్యెత్తా’. ‘సల’ రహస్యం, ‘కుల్యెత్తా’ రవాణా చేయడం. మన మాటకి జోడీ. ‘నేను’ రూపంలో ఒక త తగ్గుతుంది: సలకుల్యెతన్.

ఫిన్లాండ్‌లో 1919 నుంచి 1932 దాకా మద్యనిషేధం ఉండేది. ఆ పదమూడేళ్ళూ సముద్రం మీద స్పిరిట్ రవాణా ఒక పరిశ్రమలా నడిచింది. ఆ స్పిరిట్‌ని ‘పిర్తు’ అనేవాళ్ళు. అందరికీ తెలిసిన దొంగరవాణాదారు అల్గొత్ నిస్క అంతకుముందు 1912 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడినవాడు. నిషేధం ముగిసింది 1932 ఏప్రిల్ 5 ఉదయం 10 గంటలకి. ఇక్కడివాళ్ళు దాన్ని 5, 4, 32, 10 అని రాసి, అంకెలు వరసగా దిగుతాయి చూడమని చూపిస్తారు.

‘యొపత’ అని ఒక మాట విన్నాను. అది కూడా దొంగరవాణాయేనా?

అదే, కానీ దాని ఊరు వేరు, మర్యాద వేరు. ఉత్తరాన తొర్నియొ నది లోయలో, ఫిన్లాండ్‌కీ స్వీడన్‌కీ మధ్య జరిగే చిల్లర దొంగవ్యాపారానికే ఈ మాట. చేసేవాడు ‘యొప్పరి’, పని ‘యొప్పౌస్’. ఇది కూడా స్వీడిష్ దారిలో వచ్చినదే, ‘జాబ్’ అనే మాట సంతతి.

నేపథ్యం తెలిస్తే మాటలోని చనువు అర్థమవుతుంది. 1809లో సరిహద్దు గీసినప్పుడు నది మధ్యలోంచి గీశారు. రెండు గట్ల మీదా ఫిన్నిష్ మాట్లాడే ఒకే జనం. అక్క ఇటు, చెల్లి అటు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా ఫిన్లాండ్‌లో అన్నీ రేషన్. స్వీడన్ గట్టు మీద కాఫీ దొరుకుతోంది. ఫిన్లాండ్‌వాళ్ళకి కాఫీ లేకపోతే కాలూ చెయ్యీ ఆడదు, ఆ కాఫీ రేషన్ 1954 దాకా పోలేదు. ఇంకేముంది, రాత్రిపూట పడవలు, చలికాలం గడ్డకట్టిన నది మీద స్కీలు. అక్కడి పాతతరానికి ఇది నేరం కంటే బతుకుతెరువు కింద లెక్క. యొప్పరి కథలు నవ్వుతూ చెబుతారు. అదే కథకి ‘సలకుల్యెత్తా’ వాడితే పోలీసు రిపోర్టు అయిపోతుంది.

వ్యాకరణం ఇక్కడ ‘తుల్లత’కి భిన్నం. ‘యొపత’లో ప ఒకటే, కానీ ‘యొప్పాన్, యొప్పసిన్’లో రెండవుతాయి. మళ్ళీ ‘యొపన్నుత్, యొపత్తు’లో ఒకటి. దొంగలాగే ఒక పకారం ఇటు మాయమై అటు తేలుతుంది!

మన పాతవాళ్ళు ‘ఘట్టకుటీ ప్రభాత న్యాయం’ అని ఒకటి చెబుతారు. సుంకం ఎగ్గొట్టాలని అడ్డదారిన రాత్రంతా నడిచిన వర్తకుడు తెల్లారేసరికి సరిగ్గా సుంకరి గుడిసె ముందు తేలాడట. తొర్నియొ లోయలో మంచు తుఫానులో దారి తప్పినవాళ్ళకి ఈ న్యాయం విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు స్వీడన్, ఎస్టోనియా నుంచి తెచ్చుకుంటే ‘తుల్లత’ అవసరమా?

లేదు. ఫిన్లాండ్, స్వీడన్ రెండూ 1995 జనవరి 1న ఈయూలో చేరాయి, ఎస్టోనియా 2004లో. లోపల సుంకం సరిహద్దు లేదు. పొగాకు, మద్యం దగ్గర నియమాలు ఉన్నాయి. పెదవి కింద పెట్టుకునే ‘నూస్క’ స్వీడన్‌లో అమ్ముతారు, ఫిన్లాండ్‌లో అమ్మకూడదు. నార్వే ఈయూలో లేదు, కాబట్టి సరిహద్దు ఊరు కిల్పిస్‌యార్వి దారిన వచ్చేటప్పుడు ఈ క్రియ మళ్ళీ నిద్రలేస్తుంది.

ఓలాండ్ దీవులది విచిత్రం. ఫిన్లాండ్‌లో భాగమే, ఈయూ సుంకం పరిధిలోదే, కానీ వ్యాట్ పరిధికి బయట. స్టాక్‌హోమ్ వెళ్ళే పెద్ద ఓడలు నడిరాత్రి అక్కడ కాసేపు ఆగేది అందుకే. అలా తాకి వెళ్తే ఓడలో పన్నులేని అమ్మకాలు చేసుకోవచ్చు. ఈ అదృశ్య గీతని ‘వెరొరయ’, పన్ను సరిహద్దు అంటారు.

రష్యా వైపు?

దాదాపు 1,340 కిలోమీటర్ల సరిహద్దు. ఒకప్పుడు వాలిమా దగ్గర కిలోమీటర్ల కొద్దీ లారీల బారు, ‘రెక్కయొనొ’ అనే మాట వార్తల్లో నానుతుండేది. 2023 డిసెంబరులో ప్రయాణికుల రోడ్డు దారులన్నీ మూసేశారు. అటువైపు ఊళ్ళలో ఈ మాటలు ఇప్పుడు పాత జ్ఞాపకాల్లోనే ఎక్కువ వినిపిస్తున్నాయి.

యుకి అనే భాషా పరీక్షకి ఇది అవసరమా?

పౌరసత్వానికి కావాల్సిన మూడో స్థాయి కోసం దీన్నే పనిగట్టుకుని బట్టీ పట్టక్కర్లేదు. పార్సిల్ రాలేదని ఫిర్యాదు రాయడం లాంటి పని ఇస్తే అప్పుడు అక్కరకొస్తుంది. విభక్తుల గొడవ మాత్రం పరీక్షలో ప్రతి వాక్యంలోనూ ఉంటుంది.

ఫారంలో ‘సరుకు వివరణ’ అనే గడిలో ఆవకాయని ఏమని రాయాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే! ‘మంగొపిక్కెల్సి’ అని రాయండి, పని జరుగుతుంది. కందిపొడికి నేను ‘మసాలా కలిపిన పప్పు పొడి’ అని అర్థం వచ్చేలా ఫిన్నిష్‌లో రాశాను, ఎవరూ ఏమీ అనలేదు. పెట్టె మీద అక్కడివాళ్ళు రాసేదీ, ఇక్కడ మీరు ఫారంలో రాసేదీ కలవాలి, అది ముఖ్యం. మా అమ్మ రెండోసారి పంపిన పెట్టె మీద, ఇంగ్లీషు లేబుల్ పక్కన, నల్ల మార్కర్‌తో తెలుగులో ఇంకో వాక్యం రాసి పంపింది: ‘ఈసారి నెయ్యి పెట్టలేదు.’